ఊపిరితిత్తుల బీపీ మాత్ర, సార్బిట్రేట్: రెండూ కలిస్తే ఏమవుతుంది?

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాణ్ణి. కానీ పల్మనరీ హైపర్‌టెన్షన్ ఉన్న ప్రతి ఇంట్లో ఈ విషయం తెలియాలి.

ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెరిగితే గుండె కుడివైపు భారం పడుతుంది. దానికి ఇచ్చే మందుల్లో ఒకటి సిల్డెనాఫిల్. అవును, వయాగ్రాలో ఉండేదే. మొదట దీన్ని గుండెనొప్పి కోసమే పరీక్షించారు. 1998లో వయాగ్రాగా వచ్చింది, 2005లో అమెరికాలో ఈ జబ్బుకి అనుమతి దొరికింది. కాబట్టి పేరు చూసి సిగ్గుపడి దాచకండి. దాస్తేనే ప్రమాదం.

ఎందుకంటారా? ఛాతీ నొప్పి రాగానే చాలా ఇళ్లలో నాలుక కింద సార్బిట్రేట్ పెట్టేస్తారు. అది నైట్రేట్. రక్తనాళాల్ని వదులు చేసే సీజీఎంపీ అనే పదార్థం మన ఒంట్లో ఉంటుంది. నైట్రేట్ దాన్ని ఎక్కువ తయారు చేయిస్తుంది, సిల్డెనాఫిల్ దాన్ని తగ్గిపోకుండా ఆపుతుంది. ట్యాంకుకి మోటర్ వేసి, కింద వాల్వ్ మూసేసినట్టు అన్నమాట. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణం మీదకి రావచ్చు.

సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ కూడదంటారు. మరి రోజుకి మూడుసార్లు సిల్డెనాఫిల్ వేసుకునేవాళ్లకి ఆ గ్యాప్ ఎక్కడ దొరుకుతుంది? దొరకదు.

అందుకే ఛాతీ నొప్పి వస్తే సొంతంగా సార్బిట్రేట్ వద్దు. 108కి ఫోన్ చేయండి. ఏ మాత్ర, ఎన్నింటికి వేసుకున్నారో ముందు అదే చెప్పండి. అలాగని భయపడి ఉన్న మందు మీరే ఆపేయకండి, అదీ ప్రమాదమే. మందుల పేర్లు రాసిన కాగితం పర్సులో ఉంచండి. మళ్లీ కలుద్దాం.