జాతికి పేరు, వ్యక్తికి పేరు

“శాంతి వచ్చినది” అను వాక్యమును చూడుడు. యుద్ధము ముగిసి దేశమున నెమ్మది నెలకొన్నదని ఒకరు దీనికి అర్థము చెప్పవచ్చును. శాంతి యను బాలిక ఇంటికి వచ్చినదని మరియొకరు చెప్పవచ్చును. రెండును సరియైన అర్థములే. తెలుగు లిపిలో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము లేదు. కావున ముందు వెనుకల మాటలను బట్టియే మనము అర్థమును నిర్ణయించుకొందుము.

ఇంగ్లీషులో అట్లు కాదు. ‘హోప్’ అనగా ఆశ. ఆంగ్లేయులు తమ కుమార్తెలకు ఆ పేరు పెట్టుటయు కలదు. వాక్యము నడుమ ఆ మాట చిన్న అక్షరముతో మొదలైనచో ఆశ. పెద్ద అక్షరముతో మొదలైనచో అమ్మాయి. అట్లే ‘చైనా’ చిన్న అక్షరముతో పింగాణి, పెద్ద అక్షరముతో దేశము. ‘మార్చ్’ చిన్న అక్షరముతో కవాతు, పెద్ద అక్షరముతో సంవత్సరమున మూడవ నెల.

ఒక జాతికి చెందినవాటి కన్నిటికిని చెల్లు పేరును ఇంగ్లీషు వ్యాకరణమున ‘కామన్ నౌన్’ అందురు. అది జాతివాచకము. ఒక్క మనుష్యునకు, ఒక్క ఊరికి, ఒక్క వస్తువునకు ప్రత్యేకముగా పెట్టిన పేరు ‘ప్రాపర్ నౌన్’. అది సంజ్ఞావాచకము. నది యనునది జాతివాచకము, గోదావరి సంజ్ఞావాచకము. లోకమున నదులెన్నియో కలవు. నాసిక్ జిల్లాలోని త్ర్యంబకము చెంత పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి, బంగాళాఖాతమున కలియు గోదావరి ఒక్కటే.

పెద్ద అక్షరము కనబడిన చోటనెల్ల సంజ్ఞావాచకమున్నదని కొందరు విద్యార్థులు తలంతురు. అది సరికాదు. ఇంగ్లీషు వాక్యమున మొదటి మాట ఏదైనను పెద్ద అక్షరముతోనే మొదలగును. ‘నేను’ అను అర్థమిచ్చు ‘ఐ’ ఎక్కడనున్నను పెద్ద అక్షరమే. జర్మను భాషలో నామవాచకములన్నిటిని పెద్ద అక్షరముతోనే వ్రాయుదురు. కనుక అక్షరమును చూచి పేరును నిర్ణయింపరాదు. పేరును నిర్ణయించి అక్షరమును వ్రాయవలెను. ఈ పేరు ఒక్కదానిదా, జాతి కంతటిదా? అడుగవలసిన ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్న వేసికొన్నచో చిక్కులనేకము విడిపోవును. రుడాల్ఫ్ డీజెల్ (1858–1913) జర్మను ఇంజనీరు. ఆయన రూపొందించిన యంత్రము 1897లో జయప్రదముగా నడచినది. ఆ యంత్రమునకును, దానికి వాడు నూనెకును ఆయన పేరే నిలిచినది. నేడు పొలమునకు నీరు తోడుటకై డీజిలు కొని తెచ్చు రైతు ఆ ఇంజనీరును తలచుట లేదు. ఆ పేరు జాతి కంతటికి చెందినది. కావున చిన్న అక్షరము. ఐజాక్ న్యూటన్ శాస్త్రజ్ఞుడు. ఆయనను గూర్చి వ్రాయునపుడు పెద్ద అక్షరము. 1948లో బలమును కొలుచు ప్రమాణమునకు ‘న్యూటన్’ అని పేరు పెట్టిరి. ఆ ప్రమాణమును చిన్న అక్షరముతో వ్రాయుదురు. జార్జి ఎవరెస్టు భారతదేశమున సర్వేయరు జనరలుగా నుండెను. 1865లో ఆయన పేరును హిమాలయములలోని ఒక శిఖరమునకు పెట్టిరి. ఇచట పేరు ఒక మనుష్యుని నుండి ఒక శిఖరమునకు మాత్రమే పోయినది. కావున పెద్ద అక్షరము తొలగలేదు.

జాతివాచకము సంజ్ఞావాచకమగుటయు కలదు. ‘హైస్కూలు’ అని ఊరక అన్నపుడు చిన్న అక్షరము. ‘జిల్లా పరిషత్ హైస్కూలు’ అని చెప్పి, వెంట ఊరి పేరు చేర్చినపుడు అది యొక్క పాఠశాల పేరే యగును. ప్రతి మాటకు పెద్ద అక్షరము వ్రాయవలెను. ‘మా అమ్మ’ అను అర్థమున ‘మదర్’ చిన్న అక్షరముతో మొదలగును. తల్లిని ఆ మాటతోనే పిలుచునపుడు అది పేరు వంటిది. పెద్ద అక్షరము పొందును.

ఈ రెండు విధముల పేర్లును మనకు కావలెను. హాజరు పట్టీలో ‘విద్యార్థి’ అని నలుబది సారులు వ్రాసినచో వచ్చినదెవరో, రానిదెవరో తెలియదు. అట్లని ప్రతి చెట్టునకు వేరు వేరు పేరు పెట్టి, ‘చెట్టు’ అను మాటను విడిచినచో, చెట్లను పెంచవలెనని ఒకరితో చెప్పుటకైనను వీలుండదు.