తాళంచెవి చేతిలో ఉండగా చోటు అడిగితే

మీరు ఎప్పుడైనా ఖరగ్‌పూర్ స్టేషన్‌లో దిగి ఉంటే అక్కడి 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం చూసే ఉంటారు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేవరకు ప్రపంచంలో అదే పొడవైనదని చెప్పుకునేవారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో నేటికీ ఉన్నాయి. ఈ పాఠానికి కావలసిన ఉదాహరణను అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఊహించుకుందాం.

వర్క్‌షాపులో ఒక స్టోరుకీపరు ఉన్నాడనుకోండి. స్టోరుగదికి ఒకటే తాళంచెవి. ఆయన ఆ తాళంచెవి చేతిలో పెట్టుకొని రిజిస్టరు రాస్తున్నాడు. మధ్యలో కాగితం అయిపోయింది. సహాయకుణ్ణి పిలిచి కాగితం తెమ్మన్నాడు. బల్లమీద కాగితం లేదు. స్టోరుగదిలో పాత కాగితాల కట్టలు సర్దితే దొరుకుతుంది. సహాయకుడు వెనక్కి వచ్చి, "బాబూ, తాళంచెవి ఇస్తే తెస్తాను" అన్నాడు. "ఈ పద్దు పూర్తయ్యేదాకా తాళంచెవి ఇవ్వడానికి లేదు" అన్నాడు స్టోరుకీపరు. కాగితం వస్తేగాని పద్దు పూర్తికాదు. పద్దు పూర్తయితేగాని కాగితం రాదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, అయినా పని ఆగిపోయింది. దీనినే ప్రతిష్టంభన లేదా డెడ్‌లాక్ అంటారు.

కంప్యూటరులో సరిగ్గా ఇదే జరుగుతుంది. డిస్కుమీది ఫైళ్ళను చూసుకునే కెర్నల్ భాగాన్ని ఫైల్ వ్యవస్థ అంటారు. అది ఒక మార్పు రాసేటప్పుడు, మరొకరు మధ్యలో వేలు పెట్టకుండా ఒక తాళం వేసుకుంటుంది. ఆ పనిలో దానికి కొంత మెమరీ అవసరమవుతుంది. మెమరీ నిండిపోయి ఉంటే కెర్నల్ ఊరుకోదు, ఎక్కడో ఒకచోట ఖాళీ చేయడానికి బయలుదేరుతుంది. ఫైళ్ళ వివరాల నకళ్ళు మెమరీలో చాలా చోటు ఆక్రమిస్తాయి. వాటిని వదలమని కెర్నల్ మళ్ళీ ఆ ఫైల్ వ్యవస్థనే అడుగుతుంది. వదలడానికి ముందు వేసిన తాళమే కావలసి వస్తే? అడిగినవాడే అడ్డు. ఆ ఫైళ్ళు కావలసిన ప్రోగ్రాములు ఒకటొకటిగా వచ్చి ఆ వరుసలో ఆగిపోతాయి. చివరకు యంత్రాన్ని ఆపి మళ్ళీ వేయవలసి వస్తుంది. అప్పటికి డిస్కుకు చేరని సమాచారం పోవచ్చు.

మెమరీ సమృద్ధిగా ఉన్న రోజుల్లో ఈ లోపం బయటపడదు. పరీక్షల్లో నెలలపాటు బాగా నడిచిన యంత్రం, పని ఒత్తిడి ఎక్కువైన రోజున నిలిచిపోతుంది.

లైనక్స్ కెర్నల్‌లో దీనికి చేసిన ఏర్పాటు సులభమైనదే. మెమరీ అడిగేటప్పుడే ఒక షరతు చెప్పవచ్చు. ఆ షరతు పేరు జీఎఫ్‌పీ నోఎఫ్ఎస్. "చోటు వెతకండి, కాని ఫైల్ వ్యవస్థ గుమ్మం తొక్కకండి" అని దాని అర్థం. మన స్టోరుకీపరు, "కాగితం ఎక్కడినుంచైనా తెండి, స్టోరుగది జోలికి మాత్రం వెళ్ళకండి" అన్నట్లు.

అయితే ఈ షరతుకు ఖరీదు ఉంది. ఎక్కువ చోటు దొరికే గదినే మూసేశాం కదా! అవసరం లేని చోట్ల కూడా భయంతో ఈ షరతు వాడితే, ఖాళీ చేయగలిగిన మెమరీ ఉండి కూడా అందకుండా పోతుంది. చాలాకాలం ప్రోగ్రామర్లు అలాగే వాడారు, ఎందుకు వాడారో రాసిపెట్టలేదు. 2017లో వచ్చిన 4.12 కెర్నల్‌లో ఈ పద్ధతి మెరుగుపడింది. ప్రమాదకరమైన పని మొదలయ్యేచోట ఒక గుర్తు, ముగిసేచోట ఒక గుర్తు పెడితే చాలు. ఆ రెండింటి నడుమ ఎవరు మెమరీ అడిగినా షరతు దానంతట అదే వర్తిస్తుంది. మెమరీ అడిగే ప్రతిచోటా గుర్తుంచుకోవలసిన పని లేదు.

లోపాన్ని ముందే పసిగట్టే సాధనం కూడా ఉంది. 2006లో కెర్నల్‌లో చేరిన లాక్‌డెప్, తాళాలు ఏ వరుసలో వేస్తున్నారో గమనిస్తుంది. వరుస తారుమారైతే, నిజంగా ప్రతిష్టంభన రాకపోయినా హెచ్చరిస్తుంది. తరువాత మెమరీ ఖాళీచేసే పనిని కూడా అది ఒక తాళంలాగే లెక్కించడం మొదలుపెట్టింది.

పాఠ్యగత ప్రశ్న: స్టోరుకీపరు తాళంచెవి చేతిలోకి తీసుకోకముందే కావలసిన కాగితమంతా బల్లమీద పెట్టుకున్నాడు. అప్పుడు ప్రతిష్టంభన వస్తుందా? మీ జవాబుకు కారణం రాయండి. ఎంత కాగితం పడుతుందో ముందుగా తెలియని రోజున ఈ ఉపాయం పనిచేస్తుందా, అది కూడా ఆలోచించి రాయండి.