వంకాయ బేరానికి ముందు తోట కొనలు చూడాలి

తెలుగు జిల్లాల్లో వంగకు సీజను ముగియడమంటూ లేదు. ఖరీఫ్, రబీ, వేసవి మూడు కాలాల్లోనూ నాట్లు పడతాయి. నాటిన సుమారు రెండు నెలలకు కోత మొదలవుతుంది. మొక్కను చంపేటంత చలి ఉండదు కనుక, కాపు ఉడిగిన తోటను నరికి, ఎరువు వేసి నీరు పెడితే మళ్లీ చిగిర్చి రెండో కాపు ఇస్తుంది. నడివేసవిలో పూత రాలి రాబడులు తగ్గినా పూర్తిగా ఆగవు.

అయితే ఏడాది పొడవునా తోట ఉంటే పురుగుకూ ఏడాది పొడవునా మేత ఉన్నట్లే. కొమ్మను, కాయను తొలిచే పురుగు పాత తోటలో పెరిగి పక్కనున్న లేత తోటకు వ్యాపిస్తుంది. అందువల్ల వ్యాపారి లాభనష్టాలు రాబడుల కన్నా పుచ్చు తరుగు మీదనే ఎక్కువగా ఆధారపడతాయి.

గంపలో చూసి పుచ్చును పసిగట్టడం కష్టం. పిల్ల పురుగు దూరిన సన్న రంధ్రం దాని విసర్జనతోనే మూసుకుపోతుంది. పైకి కనిపించే పెద్ద కన్నం పురుగు బయటికి పోయిన దారి. అంటే కన్నం లేని కాయలోనూ పురుగు ఉండవచ్చు. అలాంటి సరుకును దూరపు మార్కెట్టుకు ఎగుమతి చేస్తే తరుగు తప్పదు.

తోట మీద బేరం చేసేవారు ముందుగా మొక్కల కొనలు చూడాలి. వడలి వాలిన కొనలు ఎక్కువగా ఉంటే రాబోయే కోతల్లో పుచ్చు ఉంటుందని గ్రహించాలి. తోట మొదటి కాపులో ఉన్నదా, నరికిన తోటా అన్నదీ అడిగి తెలుసుకోవాలి. వాలిన కొనలు తుంచి, పుచ్చుకాయలు ఏరి నాశనం చేసే రైతు సరుకుకు కొంత ఎక్కువ ధర పెట్టినా గిట్టుబాటవుతుంది.

ఈ పురుగును తట్టుకొనే బి.టి. వంకాయ వాణిజ్య సాగును కేంద్రం 2010 ఫిబ్రవరి 9న నిలిపివేసింది. కనుక తోట చూడకుండా ధర చెప్పడం శ్రేయస్కరం కాదు.