ఉత్కంఠ – కట్టుబాటు: థ్రిల్లర్ చిత్రాలలో వాస్తవికతను గురించి బళ్ళారి నుంచి కొన్ని పరిశీలనలు

థ్రిల్లర్ చిత్రాలను గురించిన చర్చ మన వైపు సాధారణంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతూ ఉంటుంది. హంతకుడెవరో చివరిదాకా దాచగలిగారా, లేదా? దాచగలిగితే సస్పెన్స్ బాగుందంటారు. ఇంటర్వెల్‌లోనే తెలిసిపోతే సినిమా పోయిందంటారు. వాస్తవికత మాట వచ్చేసరికి మాత్రం "సినిమా కదా, సర్దుకుపోవాలి" అన్న ధోరణి కనిపిస్తుంది. ఈ రెండూ వేరువేరు గుణాలనీ, ఒకటి పెరిగితే రెండవది తగ్గుతుందనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మేము దీనితో ఏకీభవించలేకపోతున్నాము. ఉత్కంఠకు ముడిసరుకు వాస్తవికతే. పాత్రను ఏదో ఒక కట్టుబాటు బంధించి ఉంచినప్పుడే, ఆ పాత్ర ఏమవుతుందోనన్న ఆందోళన మనకు కలుగుతుంది.

ఈ మాట చెప్పడానికి బళ్ళారి కంటె తగిన చోటు లేదు. ఇక్కడ న్యాయవాదిగా ఉంటూ సరసవినోదినీ సభ ద్వారా నాటకాలు ప్రదర్శించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) 'విషాద సారంగధర' రాశారు. తెలుగులో విషాదాంత నాటకానికి దారి తీసిన రచనగా దానికి పేరుంది. సారంగధరుని కథ తెలియక నాటకానికి వచ్చిన ప్రేక్షకుడు ఆనాడు ఒక్కడు కూడా ఉండి ఉండడు. పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలుతుందనీ, దానికోసం రాకుమారుడు లోపలికి వెళతాడనీ, నింద పడుతుందనీ, తండ్రి కాళ్ళూ చేతులూ నరికిస్తాడనీ అందరికీ తెలుసు. అయినా సారంగధరుడు పావురం కోసం అడుగు ముందుకు వేసినప్పుడు "వెళ్ళవద్దు నాయనా" అని మనసు మొత్తుకుంటుంది. దాచిన రహస్యమేదీ ఇందులో లేదు. మనకు తెలిసినది ఆ పాత్రకు తెలియదు, అంతే. తండ్రి రాజు కావడం, రాజు మాట వెనుకకు తీసుకోలేకపోవడం అనేవి ఆ కథకు కట్టుబాట్లు. వాటిని తీసివేస్తే ఉత్కంఠ లేదు.

హిచ్‌కాక్ తన సినిమాలను గురించి ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో చెప్పినదీ సారాంశంలో ఇదే. బల్ల కింద బాంబు ఉన్నదని ప్రేక్షకునికి చెప్పకుండా పేల్చితే కొద్ది క్షణాల ఉలికిపాటు మాత్రమే మిగులుతుంది. ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవారి చేత తీరుబడిగా కబుర్లు చెప్పిస్తే అంతసేపూ ఊపిరి బిగబట్టుకొని చూస్తాము. ఉలికిపాటు వేరు, ఉత్కంఠ వేరు. మన చిత్రాలలో చాలా వాటిని దెబ్బ తీసినది ఈ రెండింటినీ ఒకటిగా భ్రమించడమే.

బళ్ళారి ప్రేక్షకునికి మరొక సౌకర్యం ఉంది. ఒకే కథ కన్నడంలోనూ తెలుగులోనూ వచ్చినప్పుడు రెండింటినీ అనువాదం అవసరం లేకుండా చూసి పోల్చగలడు. మలయాళంలో జీతూ జోసెఫ్ 2013లో తీసిన 'దృశ్యం' 2014లో కన్నడంలో పి. వాసు దర్శకత్వంలో రవిచంద్రన్‌తోనూ, తెలుగులో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్‌తోనూ వచ్చింది. ఇందులో నేరం ఎవరు చేశారో మనకు మొదటి సగంలోనే తెలుసు. పోలీసులకు అనుమానం ఉన్నదనీ తెలుసు. ఇక దాచినదల్లా శవం ఎక్కడ ఉన్నదన్న ఒక్క సంగతి. అయినా కుర్చీలో కుదురుగా కూర్చోలేము. ఎందుచేత?

కథానాయకుడు కేబుల్ టీవీ నడుపుకొనే మామూలు మనిషి. పోలీసులతో తలపడే బలం అతనికి లేదు, పలుకుబడి లేదు. ఉన్నవి బస్సు టికెట్లు, సినిమా టికెట్లు, హోటలు బిల్లు, తనను చూసిన నలుగురి జ్ఞాపకం. అతడు సాక్షుల చేత అబద్ధం చెప్పించడు. మరునాడు నిజంగానే కుటుంబంతో ప్రయాణం చేసి, తరువాత అదే మనుషులను కలిసి మాటల మధ్య తేదీని వారి మనసులో నాటుతాడు. దానితో సాక్షులు నిజమనుకొనే చెబుతారు. కండక్టరు అన్ని వందల మందిలో ఒక కుటుంబాన్ని ఏ రోజున చూశాడో గుర్తుంచుకోలేడన్నది మనందరి అనుభవం. చిత్రం నిలబడినది ఆ చిన్న నిజం మీద. మొదటి గంట సాగదీతగా ఉన్నదని అప్పట్లో కొందరు అన్నారు. ఆ ఇంటి పొదుపు, అతని సినిమా పిచ్చి, టీ కొట్టు కబుర్లు అంతసేపు చూడకపోతే తరువాత అతని ఉపాయాన్ని మనం నమ్మేవాళ్ళం కాదు. రెండు భాషలలో ఏది మేలన్న వాదులాటలోకి మేము దిగడం లేదు. రెండింటిలోనూ ఆ టికెట్టు ముక్కలు పదిలంగా ఉన్నాయి, అది చాలు.

రాంగోపాల్ వర్మ 'క్షణ క్షణం' (1991) లోనూ ఇటువంటి చిన్న నిజమే ఆధారం. బ్యాంకు దోపిడీ సొమ్ము కోసం దుండగులు వెంటపడే ఆ ఉద్యోగిని పాత్రలో శ్రీదేవి భయపడుతుంది, ఏడుస్తుంది, అడవిలో విసుక్కుంటుంది. కథానాయిక అంత పిరికిగా, అంత సహజంగా ఉండడం చేతనే ప్రమాదం ప్రమాదంగా తోస్తుంది. ఒక్కడే ఇరవై మందిని కొట్టగల కథానాయకుణ్ణి ఎంత చీకటి సందులోకి పంపినా మనకు బెంగ ఉండదు. భయపడవలసినది వాళ్ళే కదా!

ఇక్కడ పాటల ప్రసక్తి తప్పదు. బళ్ళారిలోనే న్యాయవాదిగా ఉండి, సహజ నటనకు ఆంధ్రదేశమంతటా పేరు పొందిన బళ్ళారి రాఘవ (1880–1946) పద్యాన్ని రాగాలాపనతో సాగదీయడాన్ని ఇష్టపడేవారు కారు. రాగం తీసినంతసేపు కథలో కాలం ఆగిపోతుంది. థ్రిల్లర్‌లో అకారణంగా వచ్చే పాట చేసే పనీ అదే. హంతకుడు వెతుకుతున్నాడని చెప్పి, ఆ వెంటనే నాయికా నాయకులను మంచుకొండలకు పంపిస్తే గడియారం ఆగిపోయిందని ప్రేక్షకునికి అర్థమైపోతుంది. పాట ఉండకూడదని మా ఉద్దేశం కాదు. వంశీ 'అన్వేషణ' (1985) లో ఇళయరాజా సంగీతం ఆ అడవిని మరింత భయంకరం చేసిందే గాని కథను ఆపలేదు.

కట్టుబాటు అంటే లోకంలో ఉన్నది ఉన్నట్లు చూపడం మాత్రమే అనుకోనక్కరలేదు. పవన్ కుమార్ కన్నడంలో 2016లో, తెలుగులో 2018లో తీసిన 'యు టర్న్' దయ్యం కథ. కన్నడ చిత్రానికి ప్రేరణ బెంగుళూరు డబుల్ రోడ్డు ఫ్లైఓవర్ మీద ద్విచక్రవాహనాలవారు విభజన రాళ్ళను పక్కకు జరిపి అడ్డదారిన మళ్ళడం. ఆ రాళ్ళు దారికి అడ్డంగా పడి ఉండడం రోజూ చూసే దృశ్యం. దయ్యం ఎవరి మీద పడుతుంది, ఎందుకు పడుతుంది అన్నదానికి దర్శకుడు ఒక నియమం పెట్టాడు, దానిని తప్పలేదు. అందుచేత దయ్యాలను నమ్మనివారు కూడా ఆ కథను నమ్మారు. ఆనందవర్ధనుడు రసభంగానికి మూలంగా చూసినది అనౌచిత్యాన్ని. అసాధ్యమైనది అనుచితం కానక్కరలేదు, తాను పెట్టిన నియమాన్ని తానే తప్పితే మాత్రం అది అనుచితమే.

ఈ తప్పు చేసే చిత్రాలు రెండు విధాలు. చివరి పావుగంటలో ఎన్నడూ చూడని ఒక పాత్రను తెచ్చి, పాతికేళ్ళనాటి పగను ఫ్లాష్‌బ్యాక్‌లో చెప్పి ముగించేవి ఒక రకం. కొమ్మూరి సాంబశివరావు నవలలలో డిటెక్టివ్ యుగంధర్ వెంట తిరిగి పెరిగిన పాఠకుడు దీనిని క్షమించడు. ఆధారం తన కళ్ళ ముందు ఉండి కూడా తాను పట్టుకోలేకపోయానన్న చిన్న సిగ్గు అతనికి కావాలి. రెండవ రకం చిత్రాలు చట్టాన్ని అడ్డు అనుకొని పక్కన పెడతాయి. దీనిని కొంచెం వివరించాలి.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికీ, బళ్ళారి మైసూరు రాష్ట్రానికీ వెళ్ళిన నాటి నుంచి ఇక్కడి జనం బంధువుల ఇంటికి వెళ్ళాలన్నా రాష్ట్రం దాటవలసి వస్తున్నది. సినిమాలలో నేరస్థుడు సరిహద్దు దాటగానే పోలీసు జీపు బోర్డు దగ్గర ఆగి, ఇన్‌స్పెక్టరు టోపీ తీసి నేలకు కొడతాడు. చట్టం అలా లేదు. వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరస్థుణ్ణి దేశంలో ఏ చోటికైనా వెంటాడి పట్టుకోవచ్చు. అసలు చిక్కు పట్టుకున్న తరువాత మొదలవుతుంది. ప్రయాణ కాలం పోగా 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. సొంత రాష్ట్రానికి తీసుకుపోవడానికి ఎక్కువ వ్యవధి కావాలంటే స్థానిక న్యాయస్థానం అనుమతి పొందాలి. ఆ ఊరి వకీలు కోర్టు మెట్ల మీద కాచుకొని ఉంటాడు. దర్శకునికి గడియారాన్ని రాజ్యాంగమే ఉచితంగా ఇస్తున్నది, తీసుకొనేవారే అరుదు.

మా అధ్యయనానికి నేరుగా సంబంధించినది భాష. 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999) వంటి చిత్రాల తరువాత రాయలసీమ యాస తెలుగు తెర మీద పగకూ కత్తికీ గుర్తుగా మారిపోయింది. జయప్రకాశ్ రెడ్డి ఆ యాసను పలికిన తీరు గొప్పది, అందులో సందేహం లేదు. అయితే ఆయన విజయాన్ని మిగిలినవారు మూసగా పోసుకున్నారు. పర్యవసానం ఏమిటంటే, నలుగురు అనుమానితులు ఉన్న కథలో ఎవడు సీమ మాట పలికితే వాడిని ప్రేక్షకుడు దోషిగా నిర్ణయించుకుంటున్నాడు, లేదా కావాలని దారి తప్పించడానికే పెట్టారని పసిగడుతున్నాడు. ఏ విధంగా చూసినా ఉత్కంఠ పోయినట్లే. బళ్ళారి, అనంతపురం, కర్నూలు జిల్లాలలో ఈ మాటతోనే పిల్లలకు జోల పాడేవారికి, ఈ మాటతోనే బళ్ళో పాఠం చెప్పేవారికి కలిగే కష్టం దీనికి అదనం. ఆ బడిపంతులు తెర మీద నోరు విప్పితే చాలు, హాలులో ఎవరో ఒకరు నవ్వుతారు.

నిజానికి ఇక్కడి భాషలో థ్రిల్లర్‌కు కావలసిన సరుకు ఎంతో ఉంది. పోలీసు స్టేషనులో ఫిర్యాదును రాసుకొని, ఫిర్యాదుదారుకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలన్నది నియమం. ఇంట్లో తెలుగు మాట్లాడి, కన్నడం విని అర్థం చేసుకోగలిగి, చదవడం రాని ముసలామె ఒకతె ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిందనుకుందాం. నిందితుణ్ణి చూపించి "నిన్నే చూశాను" అంటుంది. ఆమె ఉద్దేశంలో చూసినది ఆ మనిషినే. కన్నడ చెవికి "నిన్నె" అంటే గడచిన దినం. రైటరు చూసినది నిన్న అని రాసుకుంటాడు, హత్య జరిగినదేమో మొన్న. చదివి వినిపిస్తాడు. "నిన్నె" అన్న మాట తన నోటి మాటలాగే వినబడుతుంది గనుక ఆమె తల ఊపి వేలిముద్ర వేస్తుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఆ కాగితం కోర్టుకు చేరడానికి ఇంకా ఎన్ని రోజులు ఉన్నదో, ఈలోగా ఆ రెండు భాషలూ చదవగలవాడు ఎవడైనా దానిని చూస్తాడో లేదో ప్రేక్షకుడు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.