వేడికి రంగు మార్చే పొడి

మా అమ్మాయి తెలుగు ఎం.ఏ. వద్దని రసాయన శాస్త్రంలో చేరినప్పుడు నేను అలిగిన మాట నిజం. మొన్న వేసవికి అనంతపురం వస్తూ గాజుగొట్టంలో ఊదారంగు పొడి తెచ్చింది. ఇనుమూ, ట్రయజోలూ కలిసిన సమ్మేళనమట.

"మన ఎండ చాలదా?" అన్నాను. చాలదని, వంటయింట్లో వేడి నూనెలో ముంచింది. సుమారు 110 డిగ్రీలకు పొడి తెల్లబడింది! చల్లారేటప్పుడు 100 దాటినా, 90 దాటినా తెలుపే. 75 దగ్గర గాని ఊదా తిరిగి రాలేదు.

చల్లగా వున్నప్పుడు ఇనుములోని ఆరు ఎలక్ట్రానులు జంటలు కట్టి వుంటాయట. వేడికి రెండు జంటలు విడిపోతాయి. 1931లో ఇటలీలో కాంబీ ఈ జాతి మార్పును కనిపెట్టాడు. 1984లో జర్మనీలోని మైంజ్‌లో, అతిశీతలంలో వున్న మరొక ఇనుప సమ్మేళనాన్ని ఆకుపచ్చ వెలుతురే మార్చివేసిందట!

"మరి మీ కోపం ఎన్ని డిగ్రీలకు దిగింది, నాన్నా?" అంది.

ఇంకొకసారి వేడిచెయ్యమన్నాను.