చక్రవర్తి చెవి కుండలాలు

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సేకరణలో ఒక జత బంగారు కర్ణాభరణాలున్నాయి. అవి క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానివని మ్యూజియం అంచనా. ఒక ప్రైవేటు సేకరణ నుంచి 1981లో కానుకగా అక్కడికి చేరాయి. ఒక్కొక్క కుండలంలో నలుచదరపు మొగ్గల వంటి రెండు భాగాలు నడిమి తీగె నుంచి చెరోవైపుకు సాగి ఉంటాయి. ఒక మొగ్గమీద ఏనుగు, రెండవదానిమీద రెక్కల సింహం. రెండూ రాజచిహ్నాలే. ఆ జంతువుల ఒంటిమీద ఆవగింజకన్నా చిన్నవైన బంగారు పూసలు అతికి ఉన్నాయి. మరొక ముఖంమీద సమృద్ధికి గుర్తయిన పూర్ణఘటం. తయారైన చోటు గురించి మ్యూజియం వివరంలో ఉన్నది ఇంతే: భారతదేశం, బహుశా ఆంధ్రప్రదేశ్.

ఆ ‘బహుశా’ వెనుక ఎంత పరిశోధన ఉందో, ఎంత నష్టం ఉందో తెలుసుకుంటే, పాత నగలను సేకరించి పరిశీలించేవారికి ఆ పనిలో దొరికే ఆనందం ఎటువంటిదో కొంత అర్థమవుతుంది.

ఈ కుండలాలను ఎలా ధరించేవారన్నది మొదటి ప్రశ్న. ఈనాటి చెవులకు అవి పట్టవు. చెవితమ్మెలో మృదులాస్థి ఉండదు. చర్మం, కొవ్వు, కొంత పీచు కణజాలం మాత్రమే ఉంటాయి. అందుకే పై చెవి సాగకపోయినా తమ్మె సాగుతుంది. చిన్నతనం నుంచి రంధ్రాన్ని కొద్దికొద్దిగా వెడల్పు చేస్తూ పోతే తమ్మె భుజందాకా దిగుతుంది, తొందరపడితే తెగుతుంది. అలా సాగిన చెవులకు తొడిగితే ఈ కుండలాలు భుజాలమీద ఆనతాయి. బరువంతా తమ్మెమీద పడకుండా భుజం కొంత మోస్తుంది. తెలుగు ఇళ్లలో బుట్టకమ్మలకు మాటీలు పెట్టి జుట్టులోకి తగిలించడంలో ఉన్న ఉపాయమూ ఇదే. మాటీలు అందానికే అనుకుంటాం గాని, అవి తమ్మె తెగకుండా బరువును పంచే సాధనాలు కూడా. బుద్ధవిగ్రహాల పొడుగు చెవులు ఒకప్పుడు ఇటువంటి బరువైన కుండలాలు ధరించి, తరువాత విడిచిన రాకుమారుని చెవులని కళాచరిత్రకారులు చెప్పేదీ ఇందువల్లనే.

రెండవ ప్రశ్న, ఇవి ఎక్కడివి? దీనికి ఆధారం కృష్ణా తీరంలో దొరికింది. జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు అనే గుట్టమీద ఒక బౌద్ధస్తూపం ఉండేది. దాని శిథిలాలను 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించి, 1887లో అమరావతి స్తూపంతో కలిపి గ్రంథంగా ప్రకటించాడు. అక్కడి పలకలలో ఒకదానిమీద చక్రవర్తి నిలబడి ఉంటాడు. మాంధాత అంటారు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి మొదలైన సప్తరత్నాలు. చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల నుంచి నలుచదరపు నాణేలు రాలుతున్నాయి. ఆ పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఆ చక్రవర్తి చెవులను చూస్తే, న్యూయార్క్ కుండలాల ఆకారమే అక్కడ రాతిలో కనిపిస్తుంది. కాలమూ దగ్గరదే. మ్యూజియం ఆంధ్రప్రదేశ్ పేరు వ్రాయడానికి ఆధారమైన పోలిక ఇదే.

రాతిలోని నగకూ బంగారపు నగకూ ఇలా సామ్యం కుదిరిన క్షణం పరిశోధకునికి ఎటువంటిదో ఊహించవచ్చు. శిల్పి కల్పించి చెక్కాడనుకున్నది నిజంగా చూసి చెక్కినదని తేలుతుంది. అప్పటినుంచి ఆ పలకమీది తలపాగాను, కంఠహారాన్ని, కడియాలను కూడా మరింత నమ్మకంతో చదవవచ్చు.

అయినా ‘బహుశా’ తొలగలేదు. కుండలాలు ఏ ఊరి నేలలో, ఏ పొరలో, వేటి పక్కన దొరికాయో నమోదు కాలేదు. భట్టిప్రోలుతో పోల్చితే ఈ లోటు విలువ తెలుస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో ధాతుకరండాలను వెలికితీశాడు. వాటిలో దొరికినవి చిన్నచిన్న బంగారు పూలు, పూసలు, ముత్యాలు, స్ఫటికపు కరండం. వాటిని తూచి అమ్మితే చక్రవర్తి కుండలాల బంగారానికి సాటిరావు. కాని ఏ కరండంలో ఏవి ఉన్నాయో, కరండాల రాళ్లమీద ఏ శాసనాలున్నాయో నమోదయింది గనుక, ఆ రేకుపూలు చెప్పగలిగినంత చరిత్ర ఈ అపురూపమైన జత చెప్పలేదు.

తయారీ విషయంలో మాత్రం నగ తనంత తానే సాక్ష్యమిస్తుంది. బంగారు తీగెను సన్నగా తుంచి, బొగ్గుపొడిలో ఉంచి వేడిచేస్తే, కరిగిన ప్రతి తునకా తలతన్యత వల్ల గుండ్రని పూసగా మారుతుంది. ఇది తేలికైన భాగం. ఆ పూసలను పలకమీద అతకడమే కష్టం. మామూలు టంకం వేస్తే అది పూసల మధ్య సందుల్లోకి పారి నునుపు చేసేస్తుంది. వేడి ఎక్కువైతే పూసలే కరిగిపోతాయి. ఈ రహస్యం ఐరోపాలో చాలాకాలం మరుగున పడింది. 1933లో లిటిల్‌డేల్ అనే ఆంగ్లేయుడు దానికొక పద్ధతి కనుగొని పేటెంట్ తీసుకున్నాడు. రాగి లవణాన్ని జిగురులో కలిపి పూసలను అంటించాలి. వేడి తగిలితే జిగురు బొగ్గవుతుంది. ఆ బొగ్గు రాగి ఆక్సైడును రాగిగా మారుస్తుంది. ఆ కొద్దిపాటి రాగి, పూస పలకను తాకిన చోట బంగారంతో కలుస్తుంది. మేలిమి బంగారం కరగడానికి 1064 డిగ్రీల సెల్సియస్ కావాలి. రాగి కలిసిన చోట అంతకు చాలా తక్కువ వేడికే కరుగుతుంది. అతుకు అక్కడే పడుతుంది, పూస గుండ్రంగా మిగులుతుంది. కుంపటీ, ఊదుగొట్టమూ తప్ప వేరే పరికరం లేని ప్రాచీన స్వర్ణకారుడు మంట రంగు చూసి సాధించిన పని ఇది.

తీగె కూడా మాట్లాడుతుంది. కమ్మచ్చు రంధ్రాల గుండా లాగిన తీగెమీద పొడుగునా సమాంతరంగా గీతలు పడతాయి. అంతకుముందు కాలంలో సన్నని బంగారు పట్టీని మెలిపెట్టి తీగె చేసేవారు; దానిమీద మరచుట్టులాంటి గీత మిగులుతుంది. రెండువేల ఏళ్లనాటిదని అమ్మజూపే నగలో తీగెమీద కమ్మచ్చు గీతలు కనిపిస్తే అనుమానించవలసిందే. ఇందుకు కావలసిందల్లా ఒక మంచి భూతద్దం.

ఇంత పాత సంగతులు పక్కనపెట్టినా, రెండువందల ఏళ్లనాటి తెలుగు నగలు సైతం ఎందుకింత అరుదు? కారణం అందరికీ తెలిసినదే. బంగారాన్ని ఎవరూ పారవేయరు, కరిగిస్తారు. అమ్మమ్మ గుండ్లపేరు అమ్మ పెళ్లికి కాసులపేరవుతుంది, అది మనుమరాలి పెళ్లికి గాజులవుతుంది. నగ స్త్రీధనం, ఆపత్కాలానికి ఆసరా. దానిని కళాఖండంగా దాచుకొనే వెసులుబాటు ఎన్ని కుటుంబాలకు ఉండేది? కరిగించిన వారిని నిందించడం అన్యాయం. వరకట్నమూ, పంట నష్టమూ, వైద్యపు ఖర్చూ మింగిన నగలకు లెక్కలేదు. కాని ప్రతిసారీ తరుగుగా పోయినది కొద్దిపాటి బంగారం మాత్రమే కాదు, ఒక పనితనం కూడా. నగతోపాటు దాని పేరు పోతుంది. నాను, పట్టెడ, అడ్డబాస, దండకడియం, నాగరం అన్న మాటలు విని ఆకారాన్ని ఊహించగలిగిన వారు ఇప్పుడెందరు?

దేవాలయాలూ ఇందుకు మినహాయింపు కాదు. తంజావూరు బృహదీశ్వరాలయపు గోడలమీద రాజరాజచోళుని కాలపు శాసనాలు దేవుని నగలను ఒక్కొక్కటిగా వర్ణిస్తాయి. బంగారపు తూకం గురివింద గింజ వరకు. ముత్యాల సంఖ్య, వాటి జాతి. రత్నాలలోని దోషాలు సైతం. హుల్ట్జ్ పరిష్కరించి ప్రకటించిన ఆ శాసనాలను చదివితే, ఇంత నిక్కచ్చి అయిన నగల జాబితా ఈనాటి బ్యాంకు లాకరు సొంతదారులలో ఎవరి దగ్గరైనా ఉందా అనిపిస్తుంది. ఆ నగలు మిగలలేదు, జాబితా మిగిలింది. కుండలాల విషయంలో నగ మిగిలింది, జాబితా లేదు. హైదరాబాదు నిజాముల ఆభరణాల వంటి సేకరణలు అరుదు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న ఆ 173 వస్తువులు చెదరకుండా మిగలడానికి కారణం, వాటిని కరిగించవలసిన అవసరం ఆ వంశానికి రాకపోవడమే.

ఇక ఇళ్లలో మిగిలిన నగల సంగతి. వాటిమీద ముద్రలుండవు. ఇంగ్లండులో వందల ఏళ్లుగా బంగారంమీద పరీక్షా ముద్రలు వేస్తున్నారు; ముద్ర చూసి సంవత్సరం చెప్పవచ్చు. భారతదేశంలో బంగారు నగలకు హాల్‌మార్కు 2000లో గాని మొదలుకాలేదు. అందుచేత నగను వెనక్కి తిప్పి చూడటమే మార్గం. ముందువైపు అందరికోసం చేసినది. వెనుకవైపు స్వర్ణకారుడు తనకోసం వదిలినది. అతుకులు, మార్చిన కొక్కెం, అరిగిన కొస, తరువాత వేరొకరు పోసిన టంకపు మచ్చ, అన్నీ అక్కడే ఉంటాయి. కుందనపు పనిలో మేలిమి బంగారపు రేకును రాయి చుట్టూ చల్లగానే ఒత్తి బిగిస్తారు. లోపల లక్క నింపుతారు. అటువంటి నగను నిప్పుమీద పెడితే లక్క కరిగి రాళ్లు కదులుతాయి. పాత నగలను బాగుచేయించబోయి పాడుచేసుకొనేది ఎక్కువగా ఇక్కడే. పైగా రాళ్లకింద మెరిసే రేకు వేస్తారు గనుక, కెంపు అనుకున్నది ఎర్రని గోమేదికపు జాతిదో, గాజుదో కావచ్చు.

రాళ్లు కాలాన్ని కూడా చెబుతాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వెర్నెయ్ కృత్రిమ కెంపు తయారీని 1902లో వెల్లడించాడు. ఆ కెంపుల లోపల వంపు తిరిగిన గీతలుంటాయి. అటువంటి రాయి పొదిగిన నగ అంతకు ముందుది కాదు. లేదా ముందుదే అయితే రాయి తరువాత మార్చినది. ముత్యాలకు ఎక్స్‌రే కావాలి. సహజమైన ముత్యం ఉల్లిపాయలా నడిమి నుంచి పొరలు పొరలుగా పెరుగుతుంది. పెంపకపు ముత్యంలో లోపల నాటిన గుండు గీతకట్టినట్టు కనిపిస్తుంది. గుండ్రని పెంపకపు ముత్యాలు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో గాని అంగడికి రాలేదు. అంతకుముందు హైదరాబాదు ముత్యాల హారాలకు ఆధారం పర్షియన్ గల్ఫ్ సముద్రగర్భం. కాసులపేరులో బ్రిటిష్ సవర్నులుంటే పని ఇంకా సులభం. వాటిలో అన్నిటికన్నా కొత్త నాణెం మీది సంవత్సరానికి ముందు ఆ హారం ఆ రూపంలో ఉండదు. సవర్ను తూకం 8 గ్రాములకు రవ్వంత తక్కువ. ఆంధ్రలో ‘కాసు బంగారం’ అంటే ఈనాటికీ 8 గ్రాములే. నాణేన్ని నగ చేసుకోవడం కొత్త అలవాటూ కాదు. ఆంధ్రదేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేలలో తాడుకు గుచ్చడానికి రంధ్రాలు చేసినవి ఉన్నాయి.

గోలకొండ వజ్రమన్న పేరును మాత్రం కొంచెం అనుమానంగా చూడాలి. 18వ శతాబ్దపు తొలి పాదంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లాయి. వాటిలో పేరుపడ్డవి కొల్లూరు వంటి కృష్ణాతీరపు గనులవి. అది నిజం. కాని నేడు వేలంపాటల్లో ఆ పేరు, నత్రజని దాదాపు లేని అతి స్వచ్ఛమైన తరగతి వజ్రాలకు బిరుదుగా మారింది. దక్షిణాఫ్రికాలో 1905లో దొరికిన కలినన్ కూడా ఆ తరగతిదే. స్వచ్ఛత పుట్టినచోటును రుజువు చెయ్యదు. ఇలాగే హైదరాబాదు దుకాణాలలో ‘యాంటిక్ నగ’ అంటే వయస్సు గలదని కాదు, మెరుపు తగ్గించి ముదురు రంగు తేల్చినదని. నిన్న చేసినది కూడా యాంటిక్కే.

సేకరణకు దిగే విదేశాంధ్రులు ఒక చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువు పురావస్తువు. దానిని దేశం దాటించే హక్కు వ్యక్తులకు లేదు. ముత్తవ్వ నగ అయినా సరే. బయట కొనేటప్పుడు అది ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు చేతులు మారిందో చూపే కాగితాలు అడగడం తప్పనిసరి. కాగితాలు అడగకుండా కొనేవారు ఉన్నంతకాలం, తవ్వినచోటు చెప్పకుండా అమ్మేవారూ ఉంటారు. చక్రవర్తి కుండలాలకు పట్టిన ‘బహుశా’ వంటివి ఇంకా పుడుతూనే ఉంటాయి.

అయితే పరిశోధనకు కొనుగోలు అవసరం లేదు. చాలా ఇళ్లలో కరగకుండా మిగిలిన ఒకటో రెండో నగలున్నాయి: ఒంటి వంకీ, రాళ్లు రాలిన జడబిళ్ల, తెగిన మాటీ. వాటిని ముందూ వెనుకా ఫోటో తీసి, తూచి, ఎవరి పుట్టింటివో, ఏ ఊరి కంసాలి చేశాడో, ఏ రాయి ఎప్పుడు మార్చారో ఒక కాగితంమీద వ్రాసి నగతోపాటు ఉంచడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఈ సంగతులు చెప్పగలిగిన మేనత్తలకు, పెద్దమ్మలకు ఇప్పుడు ఎనభై దాటాయి. వీడియో కాల్‌లో నగను వెనక్కి తిప్పి చూపిస్తే, కొన్న ధర గుర్తులేనివారు కూడా ఆ టంకపు మచ్చ ఎలా పడిందో చెబుతారు.