ఆగిపోయిన ప్రయోగం నేర్పిన పాఠం

విద్యార్థులారా! బడి తోటలో మీరొక ప్రయోగం మొదలుపెట్టారనుకోండి. చిక్కుడు మొక్కలను రెండు వరుసల్లో నాటారు. ఒక వరుసకు మూడుసార్లు, రెండో వరుసకు రెండుసార్లు ఎరువు వేయాలని నిర్ణయించారు. పని సగంలో ఉండగా ఎరువు వేయడం ఆపేయమని హెడ్మాస్టరుగారు ఆదేశించారు. అప్పటికి కొన్ని మొక్కలకు ఒక్కసారే ఎరువు అందింది. ఇప్పుడేం చేస్తారు? ప్రయోగం పాడైందని మొక్కలను పీకేస్తారా? లేక ఏ మొక్కకు ఎంత అందిందో నోటుపుస్తకంలో రాసుకుని, కాపు వచ్చేదాకా కనిపెట్టి చూస్తారా?

మన దేశంలో 2010లో సరిగ్గా ఇలాంటి పరిస్థితే ఎదురయింది. అయితే అక్కడున్నవి మొక్కలు కావు, మీ ఈడు ఆడపిల్లలు.

క్యాన్సరుకు వైరస్ కారణమా?

మన శరీరం కోట్లాది కణాలతో నిర్మితమయింది. ఏ కణం ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో ఒక కట్టుబాటు ఉంది. ఆ కట్టుబాటు తప్పి కణాలు అదుపు లేకుండా పెరిగిపోతే అదే క్యాన్సర్.

స్త్రీలకు గర్భాశయ ముఖద్వారం వద్ద వచ్చే క్యాన్సర్ వీటిలో ఒకటి. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3,50,000 మంది, మన దేశంలో సుమారు 80,000 మంది దీనివల్ల మరణించారు.

దీనికి మూలం హెచ్.పి.వి. అనే వైరస్. అందులో 16, 18 రకాలు ముఖ్యమైనవి. వీటిని 1983, 1984 సంవత్సరాల్లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం కనుగొన్నది. అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఒక్క దేశంలో కనబడినది అన్ని దేశాల్లోనూ నిజమేనా? ఆ సంగతి తేల్చడానికి ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ముందుకు వచ్చింది. 1990 దశకంలో 22 దేశాల రోగుల నుండి సుమారు 1,000 నమూనాలను సేకరించి పరీక్షించగా, దాదాపు అన్నింటిలోనూ ఈ వైరస్ జాడ కనిపించింది.

ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది. సోకినవారిలో చాలామందికి ఒకటి రెండేళ్ళలో అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం ఏళ్ళ తరబడి తిష్ఠ వేసి, కణ విభజనను ఆపే ప్రోటీనులను పనిచేయనీయకుండా చేస్తుంది. సాధారణంగా క్యాన్సరుగా మారడానికి 15, 20 ఏళ్ళు పడుతుంది.

గింజ లేని కాయ

వైరస్‌ను వేరుసెనగ కాయతో పోల్చవచ్చు. పైన డొల్ల, లోపల గింజ. వైరస్‌కు డొల్ల ప్రోటీను. గింజ జన్యు పదార్థం. హెచ్.పి.వి. టీకాలో గింజ ఉండదు, ఖాళీ డొల్ల మాత్రమే ఉంటుంది. కాబట్టి దానివల్ల వ్యాధి రాదు. కానీ శరీరం ఆ డొల్లను చూసి శత్రువును గుర్తుపట్టి, ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. 2006లో ఈ టీకా వాడుకలోకి వచ్చింది. మొదట్లో మూడు మోతాదులు వేయాలన్నారు. ఖరీదైన టీకా మూడుసార్లంటే పేద దేశాలకు తలకు మించిన భారం.

రెండు మోతాదులు సరిపోతాయా? 2009లో లియాన్ సంస్థ, మన దేశపు ఆసుపత్రులు కలిసి ఈ ప్రశ్నను చేపట్టాయి. పూణే, అహమ్మదాబాద్, ఐజాల్ మొదలైన 9 చోట్ల పని ప్రారంభమయింది. హైదరాబాదు సమీపంలోని మెడిసిటీ వైద్య కళాశాల కూడా అందులో ఒకటి. 10 నుండి 18 ఏళ్ళ ఆడపిల్లలను 20,000 మందిని తీసుకుని, సగం మందికి మూడు మోతాదులు, సగం మందికి రెండు మోతాదులు ఇవ్వాలని ప్రణాళిక.

ఖమ్మంలో ఏం జరిగింది?

అదే సంవత్సరం ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ హెచ్.పి.వి. టీకాలతో వేరొక కార్యక్రమం జరిగింది. ఖమ్మంలో సుమారు 14,000 మంది బాలికలకు టీకా వేశారు. తరువాత రెండు జిల్లాల్లోనూ కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. ఆ మరణాలకు టీకా కారణమనడానికి ఆధారం లేదని విచారణ సంఘం తేల్చింది. అయితే మరొక లోపం బయటపడింది. తల్లిదండ్రులు చేయవలసిన అంగీకార సంతకాలను చాలాచోట్ల హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు చేశారు. 2013లో పార్లమెంటు సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆందోళన పెరగడంతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఇలాంటి టీకా కార్యక్రమాలన్నింటినీ నిలిపివేసింది. లియాన్ సంస్థ పరిశోధన కూడా ఆగిపోయింది. అప్పటికి టీకా అందినవారు 17,729 మంది. వారిలో 4,949 మందికి ఒక్క మోతాదే పడింది.

పదేళ్ళ ఓపిక

శాస్త్రజ్ఞులు నోటుపుస్తకం మూసివేయలేదు. టీకా ఆగినా ఆ పిల్లల ఆరోగ్యాన్ని గమనిస్తూనే ఉన్నారు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వైరస్ సోకిందో లేదో తిరువనంతపురంలో పరీక్షించారు. రక్తంలోని ప్రతిరక్షకాలను జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కొలిచారు.

2021లో ఫలితాలు వెలువడ్డాయి. 16, 18 రకాల వైరస్ శరీరంలో తిష్ఠ వేయకుండా మూడు మోతాదులు 93 శాతం రక్షణ ఇచ్చాయి. రెండు మోతాదులూ 93 శాతమే. మరి ఒక్క మోతాదు? 95 శాతం! ఈ చిన్న తేడాను లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ఒక్కటీ మూడింటితో సమానంగా పనిచేసిందన్నదే ముఖ్యం.

అయితే ఈ ఒక్క మోతాదు గుంపు చీటీలు వేసి ఏర్పరచినది కాదు, అనుకోకుండా ఏర్పడినది. అందుచేత మరోచోట సరిచూడాలి. కెన్యాలో చీటీల పద్ధతిలో 2,275 మంది యువతులతో చేసిన పరీక్ష 2022లో ఇదే ఫలితాన్నిచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 20 ఏళ్ళలోపు ఆడపిల్లలకు ఒక్క మోతాదు కూడా చాలునని ప్రకటించింది. హెచ్.ఐ.వి. వంటివాటితో నిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం ఎక్కువ మోతాదులు అవసరం. అంటే, ఒకరికి పట్టే మూడు మోతాదులతో ఇప్పుడు ముగ్గురిని కాపాడవచ్చునన్నమాట! టీకా వేసుకున్నవారు కూడా పెద్దయ్యాక వైద్య పరీక్ష చేయించుకోవడం మానకూడదు.

చూశారా! జర్మనీలో కనుగొన్న సంగతికి 22 దేశాలు సాక్ష్యమిచ్చాయి. మన పిల్లలు నేర్పిన పాఠానికి కెన్యా తోడు నిలిచింది. ఖమ్మం మరో పాఠం నేర్పింది: ఎంత మంచి మందయినా, ఇంటివాళ్ళకు వివరించి, వారు సరేనన్న తరువాతే ఇవ్వాలి.

రేపు మీ బడిలో ఏదైనా టీకాకు అంగీకార పత్రం ఇస్తే, దాన్ని ఇంటికి తీసుకువెళ్ళి అమ్మకూ నాన్నకూ చదివి వినిపించండి. అర్థంకానిది డాక్టరుగారినో, నర్సమ్మనో అడగండి. అన్నీ తెలుసుకున్నాకే సంతకం చేయించండి. ప్రశ్న అడగడం తప్పు కాదు. సైన్సుకు అదే మొదటి మెట్టు.